ఆది జాకెట్టు లేని కథ

చింతలవాగు బజారులో గురవయ్య ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట బజారులో ఎవరూ అన్లేదు. గురవయ్య ఇంటివాళ్ళే అనుకున్నారు. అనుకుని ఊరుకోకుండా, వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతుండేవాళ్ళు కూడా.

వాళ్ళది ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే కొట్టు. గురవయ్య కత్తిరిస్తాడు. భార్య తిరుపతమ్మ మిషను తొక్కుతుంది. మొగుడు పోయాక తమ్ముడి ఇంటికొచ్చి ఉంటున్న అక్క మాణిక్యమ్మ హుక్కులూ కాజాలూ కుడుతుంది. గురవయ్య తమ్ముడు కోటిలింగం బల్ల మీద కూర్చుని, ముగ్గురూ సరిగ్గా చేస్తున్నారో లేదో చూస్తుంటాడు.

జాకెట్టు కుట్టించుకునేవాళ్ళు, ఒంటికి సరిపోయే పాత జాకెట్టొకటి కొలతకి ఇస్తారు చూశారూ, ఆది జాకెట్టు, అది లేనిదే ఆ కొట్లో కత్తెర కదలదు. ఆది ఎలా ఉంటే కుట్టు అలాగే. ఒకావిడ ఇచ్చిన ఆదికి రెండో హుక్కు ఊడిపోయి ఉంటే, కొత్త జాకెట్టుకి కూడా రెండో హుక్కు లేకుండానే కుట్టిచ్చారు. ఆవిడ జాకెట్టు వంక, గురవయ్య వంక మార్చి మార్చి చూసింది. నోట మాట రాలేదు.

"చూశావా, అంత అచ్చంగా కుదిరింది" అని గురవయ్య మూడు రోజులు మురిసిపోయాడు.

ఈ ఇంటి పిల్ల ఇందుమతి. హైస్కూల్లో పదో తరగతి. తెలివంతా ఇంటి నుంచే వచ్చింది కాబట్టి ఆ పిల్లని తప్పుపట్టడానికి లేదు. పోయిన నెల ఇంగ్లీషు మేడం దేవకరుణగారు 'మా కుటుంబం' అని వ్యాసం రాయమంటే, ఇందు పక్కనున్న సరయు నోట్సు ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా దించేసింది. సరయు వాళ్ళ నాన్న కరెంటాఫీసులో చేస్తాడు. ఇంకేముంది, గురవయ్య కూడా కరెంటాఫీసులో చేరిపోయాడు. కింద సరయు సంతకం ఉంటే, ఇందు ఆ సంతకం కూడా చక్కగా పెట్టింది.

"ఇదేంటమ్మా?" అని మేడం అడిగారు.

"ఆదిగా పెట్టుకున్నానండి" అంది ఇందు.

క్లాసంతా గొల్లున నవ్వింది. మేడం ఆ పేజీ మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసేశారు. బాగా రాసిన పిల్లల పుస్తకాల్లో మేడం అదే ఎర్ర పెన్నుతో గుండ్రంగా 'గుడ్' అని రాస్తారు. పదో తరగతిలో చేరిన దగ్గర్నుంచీ ఇందు ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది. ఆ మధ్యాహ్నం కుళాయి దగ్గరికి పోయి, నీళ్ళు తాగుతున్నట్టు తల వంచుకుని ఏడ్చింది.

శుక్రవారం నాడు మేడం మళ్ళీ పని చెప్పారు. "సోమవారానికి ఒక్కొక్కరూ ఇంగ్లీషులో చిన్న కథ రాసి తేవాలి. సొంత కథ. రెండు పేజీలు." బోర్డు మీద కొన్ని నియమాలు రాసి, తెలుగులో విడమరిచి చెప్పారు. మీకు తెలిసిందే రాయండి. కథలో ఒక మనిషికి ఒక కష్టం రావాలి. ఆ కష్టం పోను పోను పెరగాలి. చివరికి ఏమవుతుందో చదివేవాళ్ళకి ముందే తెలియకూడదు. అన్నీ చెప్పి ఇందు దగ్గరికొచ్చి ఆగారు. "ఈసారి గాని కాపీ కొట్టావో, ఇరవై మార్కులకి సున్నా. నీ పుస్తకం ఇక నేను ముట్టుకోను."

సున్నాకి ఇందు అంత భయపడలేదు. పుస్తకం ముట్టుకోనన్నారే, దానికి భయపడింది.

సాయంత్రం ఇంటికొచ్చి, రాసుకొచ్చిన నియమాలు చదివి వినిపించింది. గురవయ్య కత్తెర కింద పెట్టేశాడు.

"ఆది ఇవ్వకుండా కుట్టమన్నారా?"

"అవును నాన్నా. ఎవరిదీ చూడకూడదంట."

"ఎంత పెద్ద చదువు చదివినా అంతేనమ్మా. పనితనం తెలియదు" అని మేడం మీద జాలిపడ్డాడు.

అయినా పిల్ల చదువు కదా. రాత్రి అన్నాలు తింటూ నలుగురూ ఆలోచించారు.

"కథంటే ఏముందండీ, జరగనిది జరిగినట్టు రాసేయటమే" అంది తిరుపతమ్మ.

"జరగనిది జరిగిందంటే దాన్నేమంటారే?" అన్నాడు గురవయ్య.

"అబద్ధమంటారు."

"మనింట్లో అబద్ధం ఆడతామా?"

"ఆడం."

"మరి? తెలిసిందే రాయమని మేడం కూడా చెప్పారు. అంటే ముందు జరగాలి. తర్వాత రాయాలి."

అంతే. అందరికీ దారి దొరికిపోయింది. మేడంగారు ఒక కష్టం అడిగారు, ఇంట్లోనే ఒక కష్టం తయారు చేసి ఇద్దామనుకున్నారు. ఇక ఎవరికి రావాలన్న దగ్గరే మాటామాటా పెరిగింది.

"కష్టమంటే నాదే కష్టం. నా మోకాళ్ళ మీద రాస్తే రెండు పేజీలేం ఖర్మ, పుస్తకం నిండిపోద్ది" అంది మాణిక్యమ్మ.

"అది పాత కష్టం అక్కా. మేడం కొత్త కథ అడిగారు" అన్నాడు గురవయ్య.

"నాకైతే పుట్టినకాడ్నించీ ఒక్క కష్టమూ రాలేదన్నా" అన్నాడు కోటిలింగం పెరుగు కలుపుకుంటూ. "నాకొస్తే సరికొత్తగా ఉంటది."

ఆ మాట అందరికీ నచ్చింది. ఇందుకి బాబాయంటే ప్రాణం. "నా కోసం కష్టపడతావా బాబాయ్?" అని అడిగితే, "నీ కథ అయ్యిందాకా కదిలితే ఒట్టు" అన్నాడు.

ఆదివారం కొట్టుకి సెలవు. తొమ్మిదింటికల్లా కోటిలింగాన్ని కొట్లో కూర్చోబెట్టి, షట్టరు దించి, తాళం వేశారు. ఇందు బయట స్టూలు మీద కూర్చుని నోట్సు తెరిచి పెన్ను మూత తీసింది.

"బాబాయ్, కష్టంగా ఉందా?"

"లేదమ్మా. ఫ్యానేసుకున్నా. హాయిగా ఉంది."

ఇందు పెన్ను మూత పెట్టేసింది. తిరుపతమ్మ గబగబా వెళ్ళి బయట గోడకున్న మెయిన్ స్విచ్చి ఆపేసింది.

"ఇప్పుడో?"

"ఇప్పుడు కొంచెం ఉక్కగా ఉంది."

'మై అంకుల్ ఈజ్ స్వెటింగ్' అని ఇందు రాసుకుంది. ఒక లైను. రెండు పేజీలకి ఇంకా చాలా కావాలి.

"తాళంచెవి చేతిలో ఉంటే కష్టం ఎందుకు పెరుగుద్ది?" అన్నాడు గురవయ్య. నిజమే కదా అనుకుని తాళంచెవిని సైడు కాలవలోకి విసిరేశాడు. అది బురదలో బుడుంగుమంది. 'మై ఫాదర్ త్రూ ది కీ ఇన్ డ్రెయిన్' అని ఇందు రాసుకుంది. రెండో లైను. ఆ పిల్లకి కొంచెం హుషారొచ్చింది.

"బాబాయ్, తాళంచెవి కాలవలో పడేశాం. ఇప్పుడో?"

"మంచి పని చేశారు. ఇక్కడ నిద్రొస్తుంది గానీ మాట్లాడించకండి."

ఇట్లా అయితే లాభం లేదంది మాణిక్యమ్మ. ఇంట్లోకి వెళ్ళి ఇనప మూకుట్లో నిప్పులు పోసి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి తెచ్చి, షట్టరు కింద సందు దగ్గర పెట్టి చేటతో విసరటం మొదలెట్టింది. ఇంకేముంది, పొగ సగం లోపలికీ సగం బజారులోకీ పోయింది. ఎదురుగా ఇడ్లీ కొట్లో తినేవాళ్ళు ప్లేట్లు వదిలేసి దగ్గుతూ లేచారు. కూరగాయల బండివాడు ముక్కు మూసుకుని బండి తోసుకుంటూ పోయాడు. ఇందు కూడా కళ్ళ నీళ్ళు కారుతుంటేనే రాసింది. మొదటి పేజీ సగం నిండింది.

"బాబాయ్, ఇప్పుడో?"

లోపల్నుంచి పలుకు లేదు.

"బాబాయ్?"

దగ్గు లేదు, అలికిడి లేదు. గురవయ్య షట్టరు మీద దబదబా బాదాడు. ఏమీ లేదు.

"కష్టం పెరిగినట్టుంది" అన్నాడు మెల్లగా.

ఇందు చేతిలో పెన్ను జారిపోయింది. "నాకు కథొద్దు నాన్నా. బాబాయిని బయటికి తీయండి. సున్నా వేస్తే వెయ్యనీయండి" అంటూ షట్టరు కింద వేళ్ళు పెట్టి లాగటం మొదలెట్టింది. అప్పటిదాకా విసురుతున్న మాణిక్యమ్మ చేట పారేసి గొల్లుమంది. తిరుపతమ్మ కాలవలో దిగి తాళంచెవి కోసం దేవింది. బురదలో ఒక స్పూనూ, పాత చెప్పూ దొరికాయి గానీ తాళంచెవి దొరకలేదు.

పొగ చూసినవాళ్ళు కొట్టు అంటుకుందన్నారు. అంతే, బజారు బజారంతా బిందెలూ బకెట్లతో వచ్చి పడింది. షట్టరు మీద నీళ్ళు గుమ్మరిస్తున్నారు, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. ఆ గుంపులో వెనకనుంచి ఒకాయన తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఏమైంది? ఎవరు లోపల?"

"కోటిలింగం" అన్నారెవరో.

"అయ్యయ్యో, పాపం" అని ఆయన కూడా ఒక బకెట్టు నీళ్ళు అందుకుని, బలంకొద్దీ షట్టరు మీద కొట్టాడు. "చాలా మంచివాడండీ. ఇంతవరకు ఒక్క కష్టం ఎరగడు" అని కళ్ళు తుడుచుకున్నాడు. గురవయ్య ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు ఓదార్చుకున్నారు.

సరిగ్గా అప్పుడే దేవకరుణ మేడం వచ్చారు. బుధవారం ఆవిడ చెల్లెలి పెళ్ళి. పెళ్ళికి కట్టుకునే పట్టుచీర జాకెట్టు ఈ కొట్లోనే ఉంది, అయిందేమో కనుక్కుందామని వచ్చారు. వచ్చి ఈ గోలంతా చూసి, గురవయ్య భుజం పట్టుకుని ఏడుస్తున్నాయన మొహంలోకి వంగి చూశారు.

"ఏమయ్యా, కోటిలింగానివి నువ్వే కదా?"

ఆయన ఏడుపు ఆపి, చొక్కా చూసుకున్నాడు, చేతులు చూసుకున్నాడు.

"అవునండి. నేనే" అన్నాడు. "అన్నా, నేను బానే ఉన్నా. ఏడవకు."

ఇందు ఒక్క పరుగున పోయి బాబాయిని కరుచుకుంది.

"లోపల కదా ఉండాల్సింది. ఎలా వచ్చావు?" అని మేడం అడిగారు.

"వెనక తలుపు తీసే ఉందండి. టీకి పోయొచ్చా. ఇది రెండోసారి."

"వెనక తలుపుందా?"

"ఉంది మేడం. మేము రోజూ దాన్నుంచే వస్తాం" అన్నాడు గురవయ్య.

"మరి దాన్నుంచి లోపలికి వెళ్ళి చూడలేదేం?"

గురవయ్య నవ్వాడు. "తాళం వేసింది ముందర కదండీ" అన్నాడు, చదువుకున్నవాళ్ళకి కూడా ఇవన్నీ చెప్పాల్సొస్తుందే అన్నట్టు.

మేడం ఇందుని పక్కకి పిలిచి, జరిగిందంతా మొదట్నుంచీ చెప్పించుకున్నారు. చెబుతుంటే ఆవిడ మొదట తల పట్టుకున్నారు, తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి ఆపుకోలేక ఇడ్లీ కొట్టు బల్ల మీద కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ నీళ్ళు మిరపకాయల పొగకి వచ్చినవి కావు.

"ఇందూ, పొద్దుట్నుంచీ జరిగింది జరిగినట్టు రాసెయ్యి. ఈ కథ ప్రపంచంలో ఇంకెవరూ రాయలేరమ్మా."

ఇందు మొహం వెలిగిపోయింది. మేడం జాకెట్టు వెనక గదిలో ఉంది కాబట్టి తడవలేదు. హుక్కులు కుట్టటం మాత్రం మిగిలింది. మంగళవారం స్కూలుకే తెచ్చిస్తానని గురవయ్య మాటిచ్చాడు.

ఆ మధ్యాహ్నమంతా ఇందు కూర్చుని రాసింది. తెలియని మాటలు డిక్షనరీలో వెతికింది, అక్కడా లేనివి తనే కల్పించుకుంది. సాయంత్రానికి రెండు పేజీలూ నిండాయి. ఎవరిదీ చూడకుండా తన చేత్తో తను రాసిన మొదటి రెండు పేజీలు అవి. వాటిని పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

గురవయ్య నియమాలు మళ్ళీ చదివించుకున్నాడు. కొన్న బట్టని విప్పి చిరుగులు చూసుకున్నట్టు, ఒక్కో నియమం సరిచూసుకున్నాడు. తెలిసింది రాసింది. కష్టం వచ్చింది. పెరిగింది.

"చివరిది ఏంటమ్మా?"

"చివరికి ఏమవుతుందో చదివేవాళ్ళకి ముందే తెలియకూడదు నాన్నా."

"అదుగో, అది మర్చిపోయాం. పేజీ తిప్పితే తెలిసిపోద్ది కదే." తిరుపతమ్మని పిలిచాడు. ఆవిడ రెండో పేజీ కిందిభాగాన్ని నీటుగా లోపలికి మడిచి, మూడు వైపులా మిషను మీద డబుల్ కుట్టు వేసి ఇచ్చింది. గాలి కూడా దూరదు.

సోమవారం మొదటి పీరియడ్లో మేడం ఇందు కథే ముందు తీశారు. క్లాసుకి చదివి వినిపిస్తుంటే పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. ఈసారి ఇందు కూడా నవ్వింది. లోపల పలుకు లేదు, షట్టరు రావటం లేదు, గుంపు మూగింది. అక్కడిదాకా చదివి మేడం ఆగిపోయారు.

"మిగతాది ఏది?"

"లోపలుంది మేడం."

"ఎలా చదవను?"

"చదవకూడదు మేడం. చదివేవాళ్ళకి తెలియకూడదన్నారు కదా."

మేడం కళ్ళజోడు తీసి, తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. కోపం రాలేదు, అది గొప్పే. "ఇంటికెళ్ళి కుట్లన్నీ విప్పేసి రేపు పట్టుకురా. ముగింపు చూశాకే మార్కులు" అన్నారు.

సాయంత్రం ఐదింటికి ఇందు ఇంటికొచ్చింది.

"నాన్నా, కుట్లన్నీ విప్పేయమన్నారు."

"అన్నీనా?"

"అన్నీ అన్నారు."

గురవయ్య మొహంలో రంగు మారింది. అయినా పిల్ల మార్కులు. బ్లేడు తీసి ముందుగా మడిచిన పేజీకున్న కుట్లు విప్పాడు. నోట్సు మధ్యలో బైండింగు కుట్టుంది, అదీ విప్పాడు. కాగితాలు విడిగా వచ్చేశాయి. తర్వాత తలెత్తి కొట్టంతా కలియజూశాడు. హ్యాంగర్లకి కుట్టిన జాకెట్లు వరసగా వేలాడుతున్నాయి.

"చాలా ఉన్నాయే" అన్నాడు.

ఇంకేముంది, నలుగురూ నాలుగు బ్లేడ్లు పట్టుకుని కూర్చున్నారు. కోటిలింగం ఆ కొట్లో పని చేయటం అదే మొదలు. జాకెట్లయ్యాయి, లంగాలయ్యాయి, దిండు గలీబులయ్యాయి. తిరుపతమ్మ చీర ఫాల్సు, గురవయ్య చొక్కా, ఇందు స్కూలు యూనిఫాం కూడా అయ్యాయి. అన్నం టైముకల్లా ఇంట్లో ఒక్క కుట్టు మిగల్లేదు.

"పెద్ద పనే పెట్టారు మేడం. అయినా పూర్తి చేశాం" అని తృప్తిగా చేతులు కడుక్కున్నారు.

మంగళవారం ఇందు ఇరవై రెండు పిన్నీసులు పెట్టుకున్న యూనిఫాంలో, కదిలితే ఎక్కడ గుచ్చుకుంటుందోనని జాగ్రత్తగా నడుస్తూ క్లాసుకొచ్చింది. రిబ్బనుతో కట్టిన కాగితాల కట్ట ఇచ్చింది. మేడం చివరి కాగితం వెతికి తీసి, ముగింపు పైకి చదివి, తెలుగులో చెప్పారు.

"మా బాబాయి బయటికొచ్చాక, కష్టంగా ఉందా అని నేను మళ్ళీ అడిగాను. ఏ కష్టమూ లేదన్నాడు. కానీ లోపల్నుంచి పలుకు రానంతసేపూ నాకు మార్కులొద్దు అనిపించింది, కథొద్దు అనిపించింది, బాబాయి చాలు అనిపించింది. మేడం ఒక మనిషికి కష్టం రావాలన్నారు. ఆ మనిషి బాబాయి అనుకున్నాం. నేనని చివర్లో తెలిసింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేడం ఎర్ర పెన్ను తీసి, ఇరవైకి ఇరవై వేసి, కింద గుండ్రంగా 'వెరీ గుడ్' అని రాశారు. ఒక్క మాట కోసం ఎదురుచూస్తే రెండు మాటలొచ్చాయి. ఇందు పిన్నీసుల సంగతి మర్చిపోయి ఎగిరి గంతేసింది. నాలుగు చోట్ల గుచ్చుకున్నా ఆ పిల్లకి తెలియలేదు.

అప్పుడే గుమ్మంలో గురవయ్య, చంకలో ఒక మూట, చేతిలో ఒక మూటతో నిలబడి ఉన్నాడు.

"రావయ్యా, మంచి టైముకి వచ్చావు. జాకెట్టు తెచ్చావా? రేపు పొద్దున్నే పెళ్ళి" అన్నారు మేడం సంతోషంగా.

"తెచ్చానండి" అని గురవయ్య చంకలో మూట బల్ల మీద విప్పాడు. అందులో పట్టు ముక్కలున్నాయి. చేతులు వేరు, వీపు వేరు, అంచు వేరు, హుక్కులు పొట్లం కట్టి వేరుగా. "మీరు చెప్పినట్టే కుట్లన్నీ విప్పేశామండి. ఒక్కటి కూడా వదల్లేదు."

మేడం కుర్చీలో కూలబడ్డారు. ముక్కలు చూశారు, గోడ మీద గడియారం చూశారు, పెన్ను కింద పెట్టేశారు.

"కంగారు పడకండి మేడం" అన్నాడు గురవయ్య. "మా చేతిలో పని. ఆది జాకెట్టు ఉంటే గంటలో కుట్టి పడేస్తాం."

మేడంకి ప్రాణం లేచొచ్చింది. "ఆది జాకెట్టు మీ దగ్గరే ఇచ్చాను కదయ్యా. ఉందా?"

"ఎందుకుండదండీ, భద్రంగా తెచ్చా" అంటూ గురవయ్య రెండో మూట విప్పాడు. అందులో ఆది జాకెట్టు కూడా ముక్కలుగానే ఉంది.

మేడం నోట మాట రాలేదు. గురవయ్య అది చూసి మురిసిపోయాడు. ఇందు మాత్రం మేడం మొహం వంక కాసేపు పట్టి పట్టి చూసి, కాగితాల కట్టలోంచి ఒక తెల్లకాగితం లాగి, పెన్ను మూత తీసింది.

"మేడం, ఇప్పుడు కష్టంగా ఉందా?" అని అడిగింది.